తప్పిపోయిన మా మైనాని ఎలా వెతికామంటే

మా కుక్క మైనా నాగులచవితి నాడు తప్పిపోయింది. మేముండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. అది తప్పిపోయింది కాశీనగర్ దాటాక వంశధార వైపున్న మా పుట్టింటి ఊళ్ళో. ఇంటికి దారి కుక్కకి ఎలా తెలుస్తుంది, ఎప్పుడు తెలియదు అన్న సంగతి అంతకు ముందు ఎప్పుడూ ఆలోచించాల్సిన పని పడలేదు. ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచనే లేకపోయింది. కుక్కని పోగొట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్నవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మైనా నాటుకుక్క. ఇటుక రంగు, ఎడమ చెవి కొస మాత్రం తెలుపు. నేనెక్కడికి వెళ్తే అక్కడికి రావాలి దానికి. పండక్కి అమ్మ దగ్గరికి బయల్దేరితే ఆటోలో నా కాళ్ళ దగ్గర పడుకునే వచ్చింది. మా వైపు తెలుగువాళ్ళకి నాగులచవితి అంటే పుట్టలో పాలు పోయడం ఒక్కటే కాదు. దీపావళికి దాచిపెట్టిన టపాసులు కూడా ఆ రోజు పుట్ట దగ్గర కాల్చాలి. అమ్మ, వదిన, పిల్లలు, నేను ఊరి చివర జీడితోటలో ఉన్న పుట్టకి నడిచి వెళ్ళాం, మైనా కూడా మాతోనే. దాని మెడపట్టీకి కట్టిన తాడు మా మేనల్లుడి చేతిలో ఉంది. చిమ్మిలి, చలిమిడి పెట్టి పాలు పోస్తుండగా పక్కవాళ్ళు సీమటపాకాయల దండ అంటించారు. మైనా ఒక్క గుంజు గుంజింది. తాడు పిల్లాడి అరచేతిని కోసుకుంటూ జారిపోయింది. ఎండిన జీడాకుల మీద దాని పరుగు చప్పుడు కాసేపు వినపడింది, అంతే.

చీకటి పడేదాకా తోటంతా తిరిగాం. ఊళ్ళో రాత్రి దాకా టపాసులు పేలుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక అమ్మ ఒకటే మాట అంది. "కుక్క ఇల్లు మర్చిపోదే. తెల్లారేసరికి పర్లాకిమిడిలో మీ గుమ్మంలో ఉంటుంది చూడు." మా ఆయన కూడా ఫోన్‌లో అదే అన్నారు, గేటు తీసే ఉంచుతానన్నారు. నాకూ అలాగే నమ్మాలనిపించింది. కానీ భువనేశ్వర్‌లో వెటర్నరీ చదువుతున్న మా మరిదికి ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి ప్రశ్న, "వదినా, అది ఆ ఊరికి నడిచి వచ్చిందా, బండిలో వచ్చిందా?" అని.

వెతకడం మొత్తం ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన కుక్కకి వెనక్కి రావడానికి తన వాసనే దారి. నేల మీద, గడ్డి మీద అడుగడుక్కీ దాని ఒంటి వాసన పడి ఉంటుంది. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు యాభై, అరవై లక్షలైతే కుక్క ముక్కులో 10 కోట్లకు పైమాటే. చల్లగా తేమగా ఉన్న నేల మీద ఆ జాడ చాలాసేపు నిలుస్తుంది. ఎండ, పొడిగాలి తగిలితే త్వరగా చెదిరిపోతుంది. మైనా పర్లాకిమిడి నుంచి ఆటోలో వచ్చింది. ఆ రోడ్డు మీద దాని అడుగు ఒక్కటి కూడా లేదు. దానికి తెలిసిన జాడ మా అమ్మ ఇంటి నుంచి పుట్ట దాకా నడిచిన ఆ కాస్త దూరమే. టపాసులు పేలింది కూడా ఆ పుట్ట దగ్గరే కాబట్టి అటు రావాలంటే దానికి భయం.

"మరి ఎక్కడెక్కడి నుంచో ఇంటికి వచ్చేశాయని చెప్తారు కదా" అన్నాను. అప్పుడు మా మరిది చెక్ దేశంలో జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పాడు. 2014 నుంచి 2017 దాకా 10 జాతుల వేటకుక్కలు 27 తీసుకుని, వాటికి జీపీఎస్ పట్టీలు కట్టి అడవిలో వదిలారు. అవి జంతువుల వెంట పడి పరిగెత్తి, మళ్ళీ యజమాని దగ్గరికి ఎలా వస్తున్నాయో చూశారు. అలా 600కి పైగా పరుగులు నమోదు చేశారు. 2020లో ఈలైఫ్ అనే సైన్సు పత్రికలో అది వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం, అంటే సుమారు 60 శాతం సార్లు, కుక్కలు వెళ్ళిన దారినే వాసన పట్టుకుని వెనక్కి వచ్చాయి. మిగిలిన వాటిలో చాలా వరకు మాత్రం పాత దారి వదిలేసి కొత్త దారిన అడ్డంగా వచ్చాయి. అలా కొత్త దారిన వచ్చిన 223 సార్లలో 170 సార్లు ఒక వింత కనిపించింది. తిరుగు ప్రయాణం మొదలుపెట్టే ముందు కుక్క ఉత్తర దక్షిణ దిక్కుల వెంబడి ఓ ఇరవై మీటర్లు పరిగెత్తి, ఆ తర్వాత యజమాని వైపు తిరిగింది. యజమాని ఏ దిక్కున ఉన్నా సరే. అలా పరిగెత్తినవి తక్కువ దూరంలో చేరుకున్నాయి కూడా. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుక్క ఏదో విధంగా గ్రహిస్తుందని, ఆ చిన్న పరుగుతో మనసులోని పటాన్ని దిక్కుకి సరిచూసుకుంటుందని ఆ శాస్త్రవేత్తల ఊహ.

వింటుంటే నా కుక్క మీద నాకే గౌరవం పెరిగింది. కానీ అతను ఆగకుండా చెప్పిన రెండో మాటే నన్ను మర్నాడు లేపి నడిపించింది. "ఆ కుక్కలన్నీ తమ కాళ్ళ మీద వెళ్ళి వచ్చినవి, వదినా. ఎంత దూరం వచ్చాయో వాటికి తెలుసు. మైనాకి తెలియదు. గేటు దగ్గర ఎదురుచూడొద్దు. అది తాడు గుంజుకున్న చోటే కూర్చో."

దూరం నుంచి వచ్చేసిన కుక్కలూ లేకపోలేదు. 1923లో అమెరికాలో బాబీ అనే కుక్క ఇండియానా రాష్ట్రంలో తప్పిపోయింది. ఆరు నెలల తర్వాత, 1924 ఫిబ్రవరిలో, దాదాపు 4,000 కిలోమీటర్ల అవతల ఆరిగన్‌లో తన ఊరికి చేరుకుంది. అది నిజంగా జరిగిందే. అయితే వంద సంవత్సరాలైనా ఇంకా ఆ కుక్క కథే చెప్పుకుంటున్నామంటే అలాంటివి ఎంత అరుదో అర్థం చేసుకోవాలి. అక్కడి ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థ సర్వే 2012లో వచ్చింది. తప్పిపోయిన కుక్కల్లో నూటికి 93 తిరిగి దొరికాయి. వాటిలో సగం దాకా ఆ చుట్టుపక్కలే మనుషులు తిరిగి వెతికితే దొరికాయి. వాటంతట అవే వచ్చినవి ఐదో వంతు. మా పల్లెకీ అమెరికాకీ పోలిక లేదు, నిజమే. అయినా ఆ లెక్క విన్నాక మా అన్నయ్య "పదవే, తోటకి పోదాం" అన్నాడు.

ముందు పుట్టకి కాస్త ఎడంగా, టపాసుల మసి లేని చోట, జీడిచెట్టు కింద మైనా పడుకునే గోనెసంచి పరిచాం. అది మా ఆయన పర్లాకిమిడి నుంచి బస్సులో పంపించారు. దాని మీద నేను రోజంతా కట్టుకుని విడిచిన, ఉతకని చీర వేశాను. పక్కన నీళ్ళ గిన్నె పెట్టాం. తిండి మాత్రం ఊరికే వదిలి రావద్దన్నాడు మా మరిది. ఊరకుక్కలన్నీ చేరి కొట్లాడుకుంటే మైనా ఇక ఆ దరిదాపులకే రాదు. మేం కూర్చున్నప్పుడే వాసన పంపాలి. అందుకు ఎండు నెత్తళ్ళు అనే చిన్న చేపలని మించింది లేదు, మైనాకి ప్రాణం. కానీ కార్తీకమాసం, అమ్మ ఇంట్లో నీసు తేనివ్వదు. వదిన అమ్మతో వాదించకుండా తోటలోనే మూడు రాళ్ళు పెట్టి, పాత మూకుడులో కాల్చింది. పొద్దున్నే కొండ వైపు నుంచి చల్లగాలి పల్లానికి దిగుతుంది. ఆ గాలి వాటం చూసుకుని, ఎగువన కూర్చునేవాళ్ళం.

రెండో పని కాగితాలు. కాశీనగర్‌లో జిరాక్స్ తీయించాం. పైన ఫోటో, కింద ఒడియాలో, తెలుగులో నాలుగు ముక్కలు. ఒడియా మా అన్నయ్య కూతురు రాసింది. "పిలవొద్దు, తరమొద్దు, కనిపించిన చోటు చెప్పండి చాలు" అన్న వాక్యం అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో పెట్టించాను. "రేబీస్ టీకా వేయించాం" అని కూడా రాశాం. బెదిరిపోయి, నోరెండి, తాడు ఈడ్చుకుంటూ తిరిగే కొత్త కుక్కని చూస్తే పిచ్చికుక్కేమో అని జనం రాయి తీస్తారు. వాళ్ళని తప్పుపట్టలేం, పిల్లలున్న ఊళ్ళు. ఆ ఒక్క ముక్క చదివాక మాతో మాట్లాడిన తీరే మారింది.

సంతకి వచ్చే సవర గిరిజన ఆడవాళ్ళకి కాగితం ఇచ్చి లాభం లేదు, ఫోన్‌లో ఫోటో చూపించి అడిగాం. పాలవాళ్ళు, కల్లు గీసేవాళ్ళు, మేకల కాపరులు, రైలు పట్టాల మీద పొద్దున్నే నడిచే గ్యాంగ్‌మెన్, వీళ్ళే అసలైన కళ్ళు. మనం నిద్రలేచేసరికి వీళ్ళు రెండు ఊళ్ళు దాటి ఉంటారు. నౌపడ నుంచి గుణుపూర్ పోయే లైను మా ఊరి పక్కగానే వెళ్తుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు అది, 1900లో మొదలైంది. 2011లో పెద్ద లైనుగా మారింది. ఆ గ్యాంగ్‌లో ఒకతను కంకర పక్కన కుక్క పెంట చూశానని, పక్కనే తాడు ఈడ్చిన చార కూడా ఉందని చెప్పాడు. వెళ్ళి చూస్తే నిజమే. మెత్తటి మట్టిలో అడుగులు, వాటి పక్కనే సన్నటి గీత. ఆ గీత చూసి నేను అక్కడే కూర్చుండిపోయాను. బతికే ఉందని మొదటిసారి గట్టిగా తెలిసింది అప్పుడే.

కాగితాల మీద నంబర్ చూసి ఒకడు ఫోన్ చేసి, కుక్క తన దగ్గరే ఉందని, ముందు డబ్బు పంపితే అప్పగిస్తానని అన్నాడు. అందుకే ఫోటోలో తెల్ల చెవి కనపడకుండా పెట్టమన్నాడు మా మరిది. ఏ చెవి తెలుపు అని అడిగితే అతను ఫోన్ పెట్టేశాడు. ఇలాంటి ఫోన్లు వస్తాయి, గుండెలు పిండేస్తాయి. ఒక గుర్తు మీ దగ్గరే దాచుకోండి.

మైనా ఎక్కడో దగ్గర్లోనే ఉంటే ఊళ్ళోకి ఎందుకు రాదు? దీనికి జవాబు చెప్పింది మేకలు కాసే ఒక తాత. "కొత్త కుక్కని ఊరకుక్కలు ఈదిలోకి రానిస్తాయేటమ్మా? ఏ ఈది కుక్కలు ఆ ఈదికే కాపలా. రేత్రి కాసేపు పడుకోకుండా ఇనండి. ఏ ఊరి కుక్కలు ఎటేపు తిరిగి మొరుగుతున్నాయో, మీ కుక్క అటేపే ఉంటాది." మేం మేడ మీదెక్కి కూర్చుని విన్నాం. ఊరకుక్కలు ఊరికే మొరిగేది వేరు, గుంపుగా ఒకే దిక్కుకి తిరిగి మొరిగేది వేరు. నడిరాత్రి దాటాక పడమటి వీధి కుక్కలు రైలుకట్ట వైపు మొరిగాయి. కాసేపటికి లైను అవతలి ఊరి కుక్కలు అందుకున్నాయి. మధ్యలో ఉన్నది కోతకొచ్చిన వరిచేలు, కట్ట, కట్ట కింద తూములు. రెండు ఊళ్ళ కుక్కలూ రానివ్వక అది ఆ నడుమ ఇరుక్కుపోయింది. ఏ పుస్తకంలోనూ లేని ఈ సంగతి ఆ తాత చెప్పకపోతే మేం ఇంకా జీడితోటలోనే ఉండేవాళ్ళం.

గోనెసంచి, చీర కట్ట దగ్గరికి మార్చాం. మర్నాడు సాయంత్రం పొలం గట్టు మీద నడుస్తుంటే వరి దుబ్బుల మధ్య నుంచి మైనా తలెత్తింది. మా ఇద్దరికీ మధ్య ఒక మడి ఎడం. నన్ను చూసింది, నేనూ చూశాను. "మైనా" అన్నాను. అది వెనక్కి తిరిగి పారిపోయింది.

నా కుక్క నన్ను చూసి పారిపోయింది. ఇది అనుభవించనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా మరిది ఓపిగ్గా చెప్పాడు. భయంలో రోజులు గడిపిన కుక్క ముందు ప్రాణం చూసుకుంటుంది, ఎవరని చూడదు. నిలబడి ఎదురుగా వచ్చే ఆకారం ఏదైనా సరే, పేరు పెట్టి పిలిచే గొంతు ఏదైనా సరే, దానికి ముందు తోచేది పారిపోవడమే. కంటికన్నా దానికి నమ్మకం ముక్కు మీద. ముక్కుకి టైమివ్వాలి. కూర్చోవాలి, పక్కకి తిరగాలి, దాని కళ్ళలోకి చూడకూడదు, పేరు పిలవకూడదు. గాలి మన మీదుగా దానివైపు పోవాలి. నలుగురు కాదు, ఒక్కరే ఉండాలి.

తెల్లవారకముందే నేనొక్కదాన్నే తూముకి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను, మొహం పొలం వైపు తిప్పి. ముందు రోజు కట్టుకున్న చీరే కట్టుకున్నాను. ఒళ్ళో కాల్చిన నెత్తళ్ళ పొట్లం. అన్నయ్య దూరంగా కళ్ళం దగ్గర ఆగాడు. మంచు పడుతోంది. చాలాసేపటికి తూములో కంకర కదిలిన చప్పుడయింది. నేను తల తిప్పలేదు. ఒక నెత్తలు తీసి, విసరకుండా, పక్కన పడేశాను. కాసేపాగి ఇంకొకటి, కొంచెం దగ్గరగా.

ఓరకంట చూశాను. తోక కాళ్ళ మధ్య దాచుకుని, పొట్ట నేలకి ఆనించినంత కిందికి వంగి నిలబడి ఉంది. తాడు కొరికేసుకుంది, జానెడు ముక్క మాత్రం వేలాడుతోంది. ముక్కు ఆడుతోంది. చేపని తినలేదు, దాని మీదుగా దాటి ముక్కు నావైపు చాచింది. రెండు అడుగులు వేసి, ఆగి, పెదాలు నాక్కుని, మొహం పక్కకి తిప్పుకుంది. నేనూ గట్టిగా ఆవలించాను. కుక్కల్లో అది "నీ జోలికి రాను" అని చెప్పడమట, మా మరిది నేర్పాడు. అది మళ్ళీ రెండడుగులు వేసింది. నా కొంగు గట్టు మీద పడి ఉంది. తడి ముక్కు ఆ కొంగు అంచుకి తగిలింది. ఒక్కసారి గట్టిగా, లోపలికంటా, వాసన పీల్చిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత అది చేసిన చప్పుడు ఏడుపో మూలుగో నాకు తెలియదు. మొత్తం కుక్క నా ఒళ్ళోకి దూరింది. నెత్తళ్ళు నేలపాలయ్యాయి. ముందు మెడపట్టీలోకి వేళ్ళు దూర్చి గట్టిగా పట్టుకున్నాకే నేను ఏడ్చాను.

ఇంటికి తెచ్చాక ఆకలి మీద ఉంది కదా అని కడుపునిండా పెట్టలేదు. పలచటి గంజి, కొంచెం కొంచెం, రోజంతా పెట్టాం. పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయి పుండయింది. చెవుల్లో గోమార్లు, కాలి వేళ్ళ మధ్య ముళ్ళు. వెనక కాలి మీద కుక్క పళ్ళ గాటు కనిపిస్తే పశువుల డాక్టరు గారు పాత టీకా కార్డు చూసి కూడా రేబీస్ టీకా మళ్ళీ వేశారు. అది చాలా అవసరం, గాటు చిన్నదని వదిలేయకండి. తర్వాత మైక్రోచిప్ వేయించాం. బియ్యపు గింజంత ఉంటుంది, లోపల 15 అంకెల నంబరు. కానీ అది చదివే మిషను మా వైపు పల్లెల్లో ఎవరి దగ్గరుంటుంది? అందుకని వెడల్పాటి పట్టీ కొని దాని మీద ఫోన్ నంబరు పెద్దగా దారంతో కుట్టించాం, మాకు దాని మీదే ఎక్కువ నమ్మకం. దీపావళి నుంచి నాగులచవితి వెళ్ళేదాకా మాత్రం అది గుమ్మం దాటదు.

సంక్రాంతికి మళ్ళీ అమ్మ దగ్గరికి వెళ్ళాం. ఈసారి ఊరి పొలిమేరలోనే ఆటో దిగిపోయి, మైనాని నడిపించుకుంటూ చెరువుగట్టు, కళ్ళాలు, పడమటి వీధి చివర, అన్నీ తిప్పాను. ఎక్కడ ఆగి వాసన చూస్తే అక్కడ ఆగనిచ్చాను. కనుమ నాడు మోటారు షెడ్డు దగ్గర ముంగిస కనపడి తాడు విడిపించుకుని దూకింది. నా గుండె జారిపోయింది. పిలవలేదు, కదలకుండా అక్కడే నిలబడ్డాను. కాసేపటికి కోసిన మడిలో కనపడింది, ముక్కు నేలకి ఆనించి. నేను ఎదురుగానే ఉన్నాను, అడ్డంగా వస్తే నాలుగు అంగలు. అది అలా రాలేదు. షెడ్డు చుట్టూ ఎలా వంపు తిరిగి వెళ్ళిందో అలాగే వంపు తిరిగి, బోదె దూకిన చోటే మళ్ళీ దూకి, తన అడుగుల మీదుగానే నా కాళ్ళ దగ్గరికి వచ్చి అప్పుడు తలెత్తింది. తాడు కట్టి, తిప్పని మిగతా సగం ఊరు కూడా తిప్పాకే ఇంటికి తీసుకెళ్ళాను.